కాకి వ్రాలినందున తాటిపండు రాలినదా?

మా వీధివసారా కప్పుక్రింద, వడ్రంగిచేత చేయించిన చిన్న చెక్క గూటిపెట్టె నొకదానిని మేకు కొట్టి తగిలించుచుండగా, ప్రక్కయింటి యువకుడు, మంచివాడు, బాగుగ చదువుకొన్నవాడు, ప్రహరీగోడమీదుగా తొంగిచూచి, పడమటిదిక్కున నూటయేబది గజముల దూరములో ఒక మేడపై నిలిచియున్న ఇనుపస్తంభమును చూపి, "అదిగో టవరు! అది అక్కడ ఉండగా మీ పెట్టెలోకి పిచ్చుక ఎక్కడినుంచి వస్తుంది మాస్టారూ?" అని అడిగెను. ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు, జాలి యున్నది. వ్యర్థప్రయాసకు పూనుకొన్న పెద్దవానిని వారింపవలెనను సద్బుద్ధి యున్నది. అంత సద్బుద్ధితో, అంత నిస్సంశయముగ పలుకబడు పొరపాటును ఖండించుట యెంత కష్టమో ఆనాడే నాకు తెలిసినది.

"టవర్లు వచ్చినవి, పిచ్చుకలు పోయినవి" అను మాట నేడు తెలుగునాట వేదవాక్యమై కూర్చున్నది. 2010 మొదలుకొని ప్రతి సంవత్సరము మార్చి 20వ తేదీన జరుపబడుచున్న ప్రపంచ పిచ్చుకల దినమునాడు బడిపిల్లలు వ్రాయు వ్యాసములలో ముందుగ కనబడునది ఆ మాటయే. సభావేదికలపై వక్తలు చేయి చాపి చూపునది ఆ స్తంభమునే. 2018లో శంకర్ దర్శకత్వమున వెలువడి తెలుగు ప్రేక్షకులను గూడ అలరించిన '2.0' చలనచిత్రములో పక్షులను ప్రాణాధికముగ ప్రేమించిన వృద్ధుడొకడు సెల్ టవరునకే ఉరివేసికొని మరణించుటతో, ఆ దృశ్యము చూచినవారి హృదయములలో ఈ కారణకార్యసంబంధము చెఱగని ముద్రయై నాటుకొన్నది. పిచ్చుకను గూర్చి మనము చేయదగిన ఆలోచన యంతయు ఆ ఒక్క ఇనుపస్తంభముకడ ఆగిపోవుచున్నది. ఆగిపోవుటయే నా అభ్యంతరము.

ఈ విశ్వాసమును నేను చులకన చేయను. మా తరమువారు కన్నులారా చూచిన విషయములు రెండు దానికి పునాదులై యున్నవి. 1995 జూలై 31న కలకత్తానుండి ఢిల్లీకి ఈ దేశమున మొదటి సెల్ ఫోను పిలుపు వెళ్ళినది. తరువాతి పది పదునైదేండ్లలో ప్రతి పేటలోను, ప్రతి మేడమీదను స్తంభములు లేచినవి. ఆ యేండ్లలోనే మన పట్టణములలోని ఇండ్లలో తెల్లవారుజామున వినవచ్చు కిచకిచలు సన్నగిల్లి సన్నగిల్లి నిలిచిపోయినవి. ఒకటి వచ్చుచుండగా మఱియొకటి పోయినప్పుడు, వచ్చినదే పోయినదానిని తరిమినదని తలచుట మనుష్యస్వభావము. ఈ స్వభావమును ఎఱిగియే మన పూర్వులు కాకతాళీయ న్యాయమను పేర ఒక న్యాయమును చెప్పిరి: కాకి తాటిచెట్టుమీద వ్రాలెను, ఆ క్షణముననే పండు రాలెను. కాకి బరువునకే పండు రాలినదనువాడు, ఆ పండు ముచ్చిక అంతకుముందే వదులై యున్నదా లేదా యని పైకి చూడడు. మనము ముచ్చికను చూడవలెను.

లండన్ నగరమధ్యమున కెన్సింగ్టన్ గార్డెన్స్ అను ఉద్యానవనము కలదు. 1925లో మాక్స్ నికల్సన్ అను పక్షిప్రియుడు తన సోదరునితో కలిసి ఆ తోటలోని పిచ్చుకలను లెక్కించెను. లెక్కకు వచ్చినవి 2,603. అదే తోటలో 1948లో 885, 1975లో 544, 1995లో 46, 2000లో 8. టవరువాదులు ఈ అంకెలను ఒకటికి రెండుమార్లు నెమ్మదిగ చదువవలెనని వేడుకొనుచున్నాను. మొదటి ఇరువదిమూడేండ్లలోనే, అనగా సెల్ ఫోను మాట అటుంచి, ట్రాన్సిస్టరు అను పరికరమే అప్పుడప్పుడే పుట్టిన కాలమునకు, ఆ తోటలోని పిచ్చుకలలో మూడింట రెండువంతులు కనుమరుగైనవి. ఆ నడుమ లండన్ వీధులలో జరిగిన మార్పు ఏది? గుఱ్ఱపుబండ్లు తగ్గి మోటారుబండ్లు పెరిగినవి. గుఱ్ఱముల మేతసంచులనుండి రాలు ఓట్లగింజలు, వాని పేడలో అరుగక మిగిలిన గింజలు, గుఱ్ఱపుసాలలలోని ఈగలు, పురుగులు, ఇవన్నియు పిచ్చుకకు అన్నపానములు. బండి మారినది; పిచ్చుక కంచము ఖాళీయైనది. ఆకాశమునుండి అదృశ్యశక్తి యేదియు దిగిరాలేదు.

తరువాతి పతనమును గూర్చి ఆ దేశములోనివారు ఎంత తలపట్టుకొనిరనగా, 2000లో 'ఇండిపెండెంట్' దినపత్రిక, ఈ పక్షి క్షీణించుటకు శాస్త్రీయమైన కారణమును నిరూపించినవారికి 5,000 పౌండ్ల బహుమతిని ప్రకటించెను. జీవితకాలమంతయు పిచ్చుకనే పరిశీలించి 1963లో దానిపై ప్రామాణికగ్రంథమును వెలువరించిన డెనిస్ సమ్మర్స్-స్మిత్ వంటివాడు, సీసము తీసివేసిన పెట్రోలు పొగవలన చిన్నపురుగులు నశించుచుండవచ్చునని ఒక ఊహ చేసియు, దానిని ఊహగనే లోకము ముందుంచెను. అట్టివారు అంత జంకుచు పలికిన విషయమును మన సభలలో ఒక్క వ్రేలు చూపి తేల్చివేయుట నాకు బాధ కలిగించుచున్నది.

మన దేశమునకే వత్తము. 2020లో వెలువడిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' అను నివేదికను, దేశము నలుమూలల వేలకొలది పక్షివీక్షకులు ఏండ్లతరబడి నమోదుచేసిన కోటి పరిశీలనలను ఆధారము చేసికొని శాస్త్రజ్ఞులు సిద్ధపరచిరి. అందు ఊరపిచ్చుకను గూర్చి చెప్పబడిన మాట చాలమందికి విస్మయము కలిగించునది: ఇరువదియైదేండ్లకు పైబడిన కాలములో దేశము మొత్తముమీద ఊరపిచ్చుక సుమారు నిలకడగనే యున్నది, బెంగళూరు, చెన్నై, ఢిల్లీ, హైదరాబాదు, కోల్‌కతా, ముంబయి అను ఆరు మహానగరములలో మాత్రము క్రమముగ తగ్గుచున్నది. టవరే హంతకియైనచో ఈ భేదమెట్లు పొసగును? పల్లెలలో టవరు లేదా? గోదావరి లంకలలోను, పాలమూరు పల్లెలలోను, నల్లమల అంచున నున్న గూడెములలోను ఫోను మ్రోగని చోటు ఎంత మిగిలినది? మా మండపేటలోనే బియ్యపు మిల్లుల ఆవరణలకు ప్రొద్దుననే వెళ్ళి చూడుడు. ఆరబోసిన వడ్లమీద వాలి, రేకుల సందులలోనికి ఎగిరి, తిరిగి వాలుచు, మనుష్యుని లెక్కచేయక తిరుగు ఆ మగపిచ్చుకల నల్లని మెడపట్టీలు కనబడును. రైలుస్టేషనుల కప్పులక్రింద కనబడును. కిరాణాకొట్లలో బస్తాలమధ్య కనబడును. గల్లాపెట్టెకడ కొట్టుయజమాని చేతిలో ఫోను మ్రోగుచునే యుండును, పిచ్చుక గింజ యేరుకొనుచునే యుండును. గింజయు, పురుగును, దూరుటకు సందును ఉన్నచోట అది యున్నది. అవి పోయినచోట పోయినది.

ఇంకొక ప్రత్యక్షసాక్ష్యము. ప్రక్కయింటి యువకుడు చూపిన ఆ పడమటి స్తంభము నడిమి అంతస్తులో ప్రతి వేసవియు కాకి గూడు పెట్టును; పట్టణములలో టవర్లపై గ్రద్దలు గూళ్ళు కట్టుట పలువురు చూచినదే. ఇంటిపావురములు, ఈ స్తంభములు వెలసిన కాలముననే, మేడలన్నిటిని ఆక్రమించినవి. "అవి పెద్దశరీరములు, తట్టుకొనును, పిచ్చుక అల్పప్రాణి" అని సమాధానము వచ్చును. పిచ్చుకలో సగము బరువైనను లేని తేనెపిట్ట మా మందారచెట్టుకు తలక్రిందులుగ వ్రేలాడుచు ఏడాది పొడవున తేనె త్రాగుచున్నది. ఆకులను కుట్టి గూడల్లుకొను దర్జీపిట్ట, అదియును పిచ్చుకకంటె చిన్నది, మా పెరటి వంగచెట్లలో పిల్లలను పెంచినది. ఆ తరంగములకు పిచ్చుకపై మాత్రమే పగ యేల?

ప్రతిపక్షమువారి చేతిలో శాస్త్రము అసలే లేదని నేననను. స్పెయిన్ దేశమున వల్లదొలిద్ నగరములో 2002 మొదలు 2006 వరకు బాల్మోరి, హాల్‌బర్గ్ అను ఇద్దరు పరిశోధకులు తరంగముల తీవ్రత హెచ్చుగనున్న చోట్ల పిచ్చుకలు తక్కువగ నుండుటను గమనించిరి. బెల్జియములో జరిగి 2007లో ప్రకటింపబడిన పరిశీలనయు అటువంటి పోలికనే చూపినది. మన కేంద్ర పర్యావరణశాఖ 2010లో ఒక నిపుణసంఘమును నియమించెను. వారును జాగ్రత్త వహింపుడనియే సలహా యిచ్చిరి. 2012 సెప్టెంబరు 1 నుండి మన ప్రభుత్వము టవర్ల ప్రసారతీవ్రతకు, అంతర్జాతీయముగ అనుమతింపబడిన హద్దులో పదవవంతును మాత్రమే హద్దుగ నిర్ణయించెను. ఇవన్నియు నిజములే, వీనిని దాచుట న్యాయము కాదు. అయితే ఆ రెండు పరిశీలనలు చూపినది సాహచర్యమునే గాని కారణమును గాదు. టవరును ఎచ్చట నిలుపుదురు? జనము క్రిక్కిరిసి, మేడలు ఒకదానినొకటి తాకుచు, మట్టినేల కనబడక, చెట్టునకు చోటులేని పేటలలో. పిచ్చుకకు గూటిసందును పురుగును దొరకని చోటులును అవియే. రెండును ఒకేచోట కనబడుటలో ఆశ్చర్యమేమి? ఆసుపత్రులున్నచోటనే మరణములు హెచ్చుగ నమోదగును. అందువలన ఆసుపత్రులను కూల్చుదమా?

తరంగములు పక్షులను ఏ విధముగను తాకవనియు నేననను. జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయమున చేసి 2014లో 'నేచర్' పత్రికలో ప్రకటించిన ప్రయోగమొకటి నాకు మిక్కిలి విలువైనదిగ తోచినది. వలసపోవు రాబిన్ పక్షులను చెక్కగదులలో నుంచి చూడగా, నగరపు విద్యుదయస్కాంత కోలాహలములో అవి దిక్కు తెలియక తడబడెను. ఆ గదులకు అల్యూమినియం రేకులు తొడిగి, వానిని భూమికి కలిపినంతనే దిక్కు దొరికెను. ఈ ప్రయోగమును టవరువాదులు తమదిగ చెప్పుకొందురు. కాని వానిని కలవరపెట్టిన తరంగములు సెల్ ఫోను తరంగములు గావు. వానికంటె ఎన్నోరెట్లు తక్కువ పౌనఃపున్యముగలవి, పాత రేడియో ప్రసారముల తరగతికి చెందినవి. ఆ పక్షులకు కలిగినది దిగ్భ్రమయే గాని మృత్యువు గాదు. మన ఊరపిచ్చుకయో, పుట్టిన వాడనుండి సాధారణముగ కోసెడు దూరమైనను పోవని గృహస్థు. దానికి దిక్సూచితో పనియేమి?

అయినచో ముచ్చిక వదులైనదెక్కడ? నా యింటిలో. మీ యింటిలో.

నేను పుట్టి పెరిగిన పెంకుటింటిని తలచుకొన్నప్పుడు మొదట నాకు వినబడునది మా అమ్మ గొంతు గాదు, పిచ్చుకల గొంతు. అమ్మ వానికంటె కొంచెము ఆలస్యముగ లేచెడిది. ఆ యింటిలో గోడకును వాసములకును నడుమ జానెడు సందులుండెడివి. దూలము గోడలోనికి దిగిన చోట చేయిపట్టునంత గుంట యుండెడిది. దేవుని పటములును, తాతముత్తాతల పటములును గోడకు ఆనక ముందుకు వంగి వ్రేలాడెడివి, వాని వెనుక ముక్కోణపు చీకటిగది యొకటి యేర్పడెడిది. ఈ చోటులన్నిటిలోను గడ్డిపోచలు, కొబ్బరిపీచు, చీపురుపుల్లలు, అమ్మ తల దువ్వుకొన్న వెండ్రుకలచిక్కు కనబడెడివి. క్రొత్తపంట యింటికి వచ్చినప్పుడు మా పాలికాపు వరికంకులను జడవలె అల్లి కుచ్చుగట్టి వసారా చూరునకు వ్రేలాడదీసెడివాడు. అది పిచ్చుకలకని అందఱకు తెలియును గనుక ఎవ్వరును దానిని తాకెడివారు గారు. పెరటిలో దంపుడు, చెరుగుడు, జల్లించుడు. చేటనుండి ఎగిరిన పొట్టుతో నూకలు, రోటిచుట్టు తవుడు, గాదెక్రింద పురుగు. పశువులసాలయొద్ద పేడకుప్ప, దానిలో పిచ్చుకలకు వలయునన్ని పురుగులు. మంచినీళ్ళ తొట్టిప్రక్క ఎండిన మట్టిలో గుంటలు చేసికొని రెక్కలు తాటించుచు అవి ధూళిస్నానము చేయుట చూచుచు మేము ఎక్కములు వల్లించెడివారము. దడికి ప్రాకిన చిక్కుడుపాదు, గుమ్మడిపాదు.

ఆ యింటిని పడగొట్టించినవాడను నేనే. 1998లో దాని స్థానమున డాబా కట్టించితిని. తాపీమేస్త్రి పనివాడు, సందు విడువడు. వెంటిలేటర్లకు జాలి వేయించి, పైపుల చుట్టు సిమెంటుతో మెత్తి, గచ్చు గీచి, పెరటికి సిమెంటు పోసి, దడి తీయించి ప్రహరీ లేపి నాకు అప్పగించెను. బియ్యము మిల్లులో పాలిషు పట్టబడి, కుట్టిన సంచిలో, నూక లేక, పొట్టు లేక, పురుగు లేక ఇంటికి వచ్చుచున్నది. పటములు గోడకు అంటుకొని యున్నవి. ఇంత చేసి, పదియేండ్ల తరువాత పడమటిదిక్కున స్తంభము లేవగనే, పిచ్చుకలు దానివలననే పోయినవని నలుగురితోపాటు నేనును చెప్పితిని. పిచ్చుకపై బ్రహ్మాస్త్రమని మనకొక సామెత యున్నది. ఈ పిచ్చుకకు బ్రహ్మాస్త్రము అక్కరలేకపోయినది. తట్టెడు సిమెంటు చాలినది.

గూటిసందు పిచ్చుకకు ఎంత ప్రాణప్రదమో తెలియవలెనన్నచో పక్షిశాస్త్రజ్ఞుడు సలీం ఆలీ బాల్యమునాటి అనుభవమొకటి చాలును. గుఱ్ఱపుసాల గోడలోని రంధ్రములో ఒక ఆడపిచ్చుక పొదుగుచుండగా, బయట కావలియున్న మగపిచ్చుకను ఆ బాలుడు తుపాకితో కొట్టెను. త్వరలోనే ఆ చోట మఱియొక మగపిచ్చుక వచ్చి నిలిచెను, దానినిగూడ కొట్టెను. ఇట్లు ఏడు దినములలో ఎనిమిది మగపిచ్చుకలు ఆ ఒక్క కావలిచోటనే బలియైనవి. ఆడపక్షికి తోడు వెంటవెంటనే దొరకినది. ఆ వృత్తాంతము ఒక బాలుని క్రౌర్యమును చెప్పునదని అందఱును అందురు. నాకు మాత్రము ఆ గోడరంధ్రము విలువను చెప్పునదిగ కనబడును. ప్రాణభయమును గూడ లక్ష్యపెట్టక ఎనిమిది పక్షులు దేనికొఱకు వచ్చినవో, దానిని మనము ఊరూర పూడ్చివేసితిమి.

ఇక నా పెట్టె కథ. మొదటి సంవత్సరము అందు ఎవ్వరును దిగలేదు. ఒక బల్లి మాత్రము కాపురముండెను. రెండవ యేట మాఘమాసమున మిల్లులవైపునుండి వచ్చిన జంట యొకటి దానిని చూచుకొనెను. మగది రంధ్రముమీద కూర్చుండి నాలుగుదినములు ఎడతెగక అరచెను. ఆడది లోనికి పోవును, వచ్చును, మరల పోవును. తరువాత గడ్డి, దూది, కోడియీకలు. నాలుగు గ్రుడ్లు. పదుమూడవనాడు లోపల సన్ననిగొంతులు వినబడెను. ఆ పడమటి స్తంభము దానిచోటనే యున్నది, దాని జనరేటరు రొద వినబడుచునే యున్నది. టవరువలన గ్రుడ్లు మురిగిపోవునన్న మాట నాలుగు గ్రుడ్ల విషయమున నైనను అబద్ధమైనది. ఒక పెట్టె ప్రపంచమునకు ప్రమాణము కాదని నేనెఱుగుదును. కనుకనే పై లెక్కలను ముందు చెప్పితిని.

కాని ఆ నాలుగు పిల్లలును చనిపోయినవి. మూడవనాడు ఒకటి, అయిదవనాడు రెండు, ఎనిమిదవనాడు చివరిది. తల్లిదండ్రులు పెట్టెకు వచ్చుచునే యుండెను. వాని ముక్కులలో నేను చూచినది అన్నపుమెతుకులు, రొట్టెముక్కలు, ఒకమారు ఎవరో పారవేసిన మిక్స్చరులోని బూందీ. పెట్టె తెఱచి చూచినప్పుడు పిల్లల కడుపులు ఉబ్బి, మెడలు దారములవలె సన్నగిల్లి యుండెను. ప్రక్కయింటి యువకుడు మరల టవరువైపు చూచెను. నేను చిక్కుడుపాదువైపు చూచితిని. ఆ పాదుకు పేనుబంక నల్లగ పట్టగా, పిల్లలు పుట్టుటకు నాలుగురోజుల ముందు, ఎరువులకొట్టులో ఇచ్చిన మందును రెండుమార్లు నేనే కొట్టించి యుంటిని. ఆకులు శుభ్రముగ మెరయుచుండెను. ఒక్క పురుగు లేదు.

పెద్దపిచ్చుక గింజలు తిని బ్రతుకును. పిల్ల అట్లు బ్రతుకలేదు. కన్ను తెఱవని మొదటిదినములలో దానికి పేనుబంక, ఆకుపురుగు, సాలెపురుగు, మిడుత, పెంకుపురుగు వంటి మెత్తని మాంసాహారమే కావలెను. అన్నము దాని కడుపును నింపును గాని కండను పెంచదు. ఈ మాటను ఇంగ్లండులోని లీసెస్టరు నగరమున గూటిపెట్టెలను ఏండ్లతరబడి తెఱచి చూచి, 2005లో తన సిద్ధాంతవ్యాసమును సమర్పించిన కేట్ విన్సెంట్ అను పరిశోధకురాలు నిరూపించినది. పురుగు తక్కువై, గింజయు రొట్టెయు మొదలగు శాకాహారము హెచ్చుగ తిన్న పిల్లలే ఎక్కువగ చచ్చుచుండెనని ఆమె చూచినది. నా పెట్టెలో నేను చూచిన చావునకు ఆమె వ్రాసిన చావునకు భేదము లేదు. ఒకవేళ ఆకలివలన గాక నేను కొట్టించిన మందువలననే పోయినవేమో. అప్పుడును దోషి మారడు.

"పోనిండు, టవరు కారణము కాకపోయినను ఆ నమ్మకమువలన కలుగు నష్టమేమి? ప్రజలకు పిచ్చుకపై దయ కలుగుచున్నది గదా" అని ఒక స్నేహితుడు నన్ను మందలించెను. ఈ పొరపాటును బ్రతికించుచున్నది ఈ మెత్తని మాటయే కనుక దీనినే గట్టిగ ఎదుర్కొనవలెను. నమ్మకము నిరపాయమైనది గాదు. టవరును కూల్చుట నా చేతిలో లేదు, నీ చేతిలో లేదు. కనుక టవరే కారణమన్నవాడు చేయదగినది నిట్టూర్చుట తప్ప మఱియొకటి లేదు. నిట్టూర్చి, ఇంటికి వచ్చి, పెరటిలో మిగిలిన నాలుగడుగుల మట్టికిని టైల్సు వేయించును; చిక్కుడుపాదుకు మందు కొట్టించును; గోడకు పడిన బీటలో పిచ్చుక దూరినచో గుడ్డ కుక్కించును. అతనిలో దయ యున్నది, కాని ఆ దయకు చేతులు లేవు. ఫోను కంపెనీని ద్వేషించుట సులభము, ఏలయన దానికి మన యింటిలో చేయవలసిన పని యేదియు లేదు. పిచ్చుకను గూర్చి వ్యాసము వ్రాసిన ఆ బడిపిల్లవాడు, తన బడిగోడకు పూడ్చిన రంధ్రమును చూడకుండ, ఆకాశమువైపే చూచుచు పెరుగుచున్నాడు. ఆ పిల్లవానికి మనము చేసిన ద్రోహమిది.

ఈ నమ్మకమునకు తోబుట్టువైనది మఱియొకటి యున్నది: అట్టపెట్టెయో ప్లాస్టికు పెట్టెయో కొని తగిలించినచో పిచ్చుక ఋణము తీరినదనుట. మార్చి నెలలో సభలయందు పంచిపెట్టబడు పెట్టెలలో సగమునకు రంధ్రము నాలుగువ్రేళ్ళు పట్టునంత యుండును. అందు గోరువంక దూరును, ఉడుత దూరును, పిచ్చుక వెనుదిరుగును. ఊరపిచ్చుకకు రంధ్రము అంగుళంబావు వెడల్పు చాలును. రేకుపెట్టె మన చైత్రవైశాఖపు టెండలో పెనమై పిల్లలను మాడ్చును. చెక్కయో మట్టికుండయో మేలు. పడమటియెండ తగులనిచోట, పిల్లి దూకజాలని యెత్తున, నీడలో తగిలింపవలెను. ఒక్కటి గాక రెండుమూడు దగ్గర దగ్గరగ పెట్టవలెను, ఏలయన పిచ్చుక ఒంటరికాపురమును సహింపదు. ఒక కాన్పు పిల్లలు ఎగిరిపోయినపిదప పాతగడ్డి తీసివేసినచో పేలు పురుగులు తగ్గును. అదే జంట ఒక యేడులో రెండుమూడుమార్లు పిల్లలను లేపగలదు. ఇంత చేసినను, చుట్టు పురుగులేని సిమెంటుమాత్రమే యున్నచో, నా మొదటి కాన్పుకు పట్టిన గతియే పట్టును.

ఆ మఱుసటి సంవత్సరము పాదుకు మందు కొట్టించలేదు. పేనుబంక పట్టినది, చిక్కుడుకాయలు సగమే కాచినవి, మా యింటావిడ సణిగినది, ఆమె సణుగుడులో న్యాయమున్నది. అక్షింతల పురుగులు వచ్చినవి. ప్రహరీవెంట సిమెంటు పగులగొట్టించి రెండడుగుల వెడల్పున మట్టి బయటపెట్టించి, మందార, నందివర్ధనము, గోరింట నాటించితిని. అదే జంటయో వేఱొక జంటయో చెప్పలేను, పెట్టెలో అయిదు గ్రుడ్లు పెట్టినది. పిల్లలు పుట్టిన ఆఱవనాడు ఉదయము ఏడుగంటలకు కుర్చీ వేసికొని కూర్చుండి, ఎనిమిదిగంటల వరకు లెక్కవ్రాసితిని. తల్లి పదునొకండుమార్లు వచ్చినది, తండ్రి ఎనిమిదిమార్లు. పేనుబంక ముద్దలు ముక్కుచివర నల్లగ కనబడినవి. రెండుమార్లు పచ్చని ఆకుపురుగు, ఒకమారు రెక్కలు విరిగిన చిమ్మట. పోవునప్పుడు తెల్లని రెట్టసంచిని నోట కరచుకొని పోయి దూరముగ వదలినవి. ప్రక్కయింటి యువకుడు గోడమీద మోచేతులాన్చి, చేతిలోని ఫోనును జేబులో వేసికొని, మాటాడక చూచుచు నిలిచెను. పడమటిదిక్కున జనరేటరు మ్రోగుచునే యున్నది. ఎనిమిదిన్నరకు తల్లి మరల వచ్చినది. రంధ్రములోనుండి అయిదు పసుపుపచ్చని నోళ్ళు ఒక్కసారి తెఱచుకొన్నవి.